ఇంట్లో చేసుకునే రీబ్రీదర్ స్క్రబ్బర్ కానిస్టర్: ఏ మెటీరియల్ వాడాలి, ఏది వాడకూడదు

రీబ్రీదర్ అంటే వదిలిన ఊపిరినే శుభ్రం చేసి మళ్లీ పీల్చుకునేలా చేసే డైవింగ్ పరికరం. దానిలో ఆక్సిజన్ తగ్గితే సెన్సర్ చెబుతుంది. ఊపిరిలోని కార్బన్ డయాక్సైడ్‌ని పీల్చేసే స్క్రబ్బర్ చేతులెత్తేస్తే మాత్రం చాలా యూనిట్లలో చెప్పే దిక్కు ఉండదు. కార్బన్ డయాక్సైడ్ పెరిగేకొద్దీ ఆయాసం, తలనొప్పి, కారణం తెలియని భయం మొదలవుతాయి. ఆ భయంలో నోట్లోంచి మౌత్‌పీస్ తీసి బెయిలౌట్‌కి, అంటే అత్యవసరానికి విడిగా ఉంచుకున్న గ్యాస్‌కి, మారడం కూడా కష్టమైపోతుంది. అందుకే స్క్రబ్బర్ ఉండే కానిస్టర్‌కి, అంటే డబ్బాకి, ఏ పైపు వాడాలి, ఏ మూత పెట్టాలి అన్న ప్రశ్నను మామూలు వర్క్‌షాప్ ప్రశ్నలా చూడకూడదు. రీబ్రీదర్ మీద శిక్షణ తీసుకుని, ఫ్యాక్టరీ యూనిట్‌తో చాలాకాలం డైవ్ చేసి, దాన్ని విప్పి బిగించడం అలవాటైనవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. ఇంకా ఆ దశకు రానివాళ్లు చదవండి, కానీ కట్టడం మొదలుపెట్టకండి.

డబ్బా లోపల ఏం జరుగుతుంది

కార్బన్ డయాక్సైడ్‌ని పీల్చడానికి డబ్బాలో నింపే సోడాలైమ్ గుళికల్లో ఎక్కువ భాగం కాల్షియం హైడ్రాక్సైడ్. దాంతోపాటు 15 నుంచి 20 శాతం దాకా నీరు, కొద్ది శాతం సోడియం హైడ్రాక్సైడ్ ఉంటాయి. ఊపిరిలోని కార్బన్ డయాక్సైడ్ ముందు ఆ తేమలో కరుగుతుంది, తర్వాత సోడియం హైడ్రాక్సైడ్‌తో కలుస్తుంది, చివరికి కాల్షియం కార్బొనేట్‌గా, అంటే సుద్దగా మారిపోతుంది. ఈ క్రమంలో నీరూ పుడుతుంది, వేడీ పుడుతుంది. బాగా శ్రమపడే డైవర్ నిమిషానికి 1.6 లీటర్ల కార్బన్ డయాక్సైడ్ వదులుతాడనుకుంటే, డబ్బా లోపల అటూఇటూగా 100 వాట్ల వేడి తయారవుతుంది. చర్య జరుగుతున్న పొర దగ్గర ఉష్ణోగ్రత 50 డిగ్రీల సెల్సియస్ దాటవచ్చు. అదే సమయంలో డబ్బా బయటి గోడను 4 డిగ్రీల నీరు తాకుతూ ఉండవచ్చు.

అంటే మీరు ఎంచుకునే మెటీరియల్ మీద ఒకేసారి నాలుగు దెబ్బలు పడతాయి. లోపల వెచ్చని తడి క్షారం, బయట ఉప్పునీరు, రెండిటి మధ్య ఉష్ణోగ్రత తేడా, వీటికి తోడు ఆక్సిజన్ పాళ్లు ఎక్కువగా ఉన్న గ్యాస్. పైగా అదే గ్యాస్ మళ్లీ మళ్లీ మీ ఊపిరితిత్తుల్లోకి వస్తుంది. మామూలు రెగ్యులేటర్‌లో అయితే ప్లాస్టిక్ వాసన ఒక శ్వాసతో బుడగల్లో పోతుంది. ఇక్కడ అది లూప్‌లోనే, అంటే ఊపిరి తిరిగే మూసిన దారిలోనే, తిరుగుతూ పేరుకుంటుంది.

ఒక విషయం మాత్రం మీకు కలిసొస్తుంది. ఊపిరితో పాటు ఉబ్బి కుంచించుకునే సంచి, అంటే కౌంటర్‌లంగ్ వల్ల లూప్ లోపలి పీడనం చుట్టూ ఉన్న నీటి పీడనంతో దాదాపు సమానంగానే ఉంటుంది. కాబట్టి 10 మీటర్లలో అయినా 60 మీటర్లలో అయినా గోడ నలిగిపోతుందన్న బెంగ లేదు. గోడ మందం కావాల్సింది పీడనం కోసం కాదు. గుండ్రం చెడకుండా ఉండటానికి, పడవ అంచుకి తగిలినా పగలకుండా ఉండటానికి. బలం గురించి అతిగా ఆలోచించి సీల్ గురించి తక్కువగా ఆలోచించడం ఈ పనిలో చాలామంది చేసే పొరపాటు.

మొదటి మెట్టు: డబ్బాను భాగాలుగా విడదీయండి

కాగితం మీద భాగాలు విడివిడిగా రాసుకోండి. నీటిని బయట ఆపే హౌసింగ్, గుళికలు పోసే లోపలి బాస్కెట్, మూతలు, మూతకూ హౌసింగ్‌కూ మధ్య సీల్, బాస్కెట్‌కూ హౌసింగ్‌కూ మధ్య సీల్, గుళికలను పట్టి ఉంచే జాలీలు, వాటిని నొక్కి ఉంచే స్ప్రింగ్. ఒక్కో భాగం ఎదురుగా మూడు ప్రశ్నలు వేసుకోండి. తడి సోడాలైమ్ దీనికి రోజంతా ఆనుకుని ఉంటే ఏమవుతుంది? వేడికీ చలికీ దీని కొలత ఎంత మారుతుంది? ఇది నా ఊపిరిలోకి ఏం వదులుతుంది?

హౌసింగ్‌ని, బాస్కెట్‌ని వేరువేరు మెటీరియల్‌తో చేయడానికి భయపడకండి. బాస్కెట్‌కి క్షారాన్ని తట్టుకోవడం ముఖ్యం. హౌసింగ్‌కి దెబ్బ తట్టుకోవడం, సీల్ కూర్చునే చోట నిక్కచ్చిగా గుండ్రంగా ఉండటం ముఖ్యం. రెండిటి మధ్య ఒక సన్నని గాలి ఖాళీ వదిలితే వేడి నిలుస్తుంది కూడా. చల్లబడిన సోడాలైమ్ నెమ్మదిగా పనిచేస్తుంది, గోడ పక్కనున్న గుళికలు సగం వాడకుండానే మిగిలిపోతాయి, కార్బన్ డయాక్సైడ్ ముందుగానే దాటేస్తుంది.

రెండో మెట్టు: లోహాలు

అల్యూమినియం చూడటానికి ముచ్చటగా ఉంటుంది. తేలిక, లేత్ మీద బాగా తెగుతుంది, అన్ని సైజుల్లోనూ దొరుకుతుంది. అయినా గుళికలు తాకే చోట దాన్ని వాడొద్దు. సోడియం హైడ్రాక్సైడ్ ద్రావణంలో అల్యూమినియం కరుగుతూ హైడ్రోజన్ వదులుతుంది. ఆక్సిజన్ ఎక్కువగా ఉన్న లూప్‌లో హైడ్రోజన్ పుట్టడం ఎవరూ కోరుకునేది కాదు. యానొడైజింగ్ చేయిస్తే సరిపోతుందని కొందరంటారు. యానొడైజింగ్ పొర కూడా అల్యూమినియం ఆక్సైడే, గాఢ క్షారంలో అదీ కరుగుతుంది. కాకపోతే కొంచెం ఆలస్యంగా. జాలీ అంచు గీరుకున్న ఒక్క గీత చాలు, కింది లోహం బయటపడుతుంది. అంతేకాదు, అల్యూమినియం వేడిని 160 వాట్స్ పర్ మీటర్ కెల్విన్ పైచిలుకు వేగంతో బయటికి లాగేస్తుంది. స్టెయిన్‌లెస్ స్టీల్‌కి ఆ అంకె 16 దగ్గర, చాలా ప్లాస్టిక్‌లకు 0.2 నుంచి 0.5 మధ్య. చల్లని నీటిలో ఈ తేడా నేరుగా స్క్రబ్బర్ ఎంతసేపు పనిచేస్తుందన్నదాని మీదే పడుతుంది.

జింకు పూత ఉన్న జాలీ, అంటే గాల్వనైజ్డ్ మెష్, ఇదే కారణంతో పనికిరాదు. జింకు కూడా క్షారంలో కరిగే లోహమే. హార్డ్‌వేర్ షాపులో మెరుస్తూ కనిపించే తీగ జాలీల్లో చాలావరకు ఇదే, కాబట్టి ఏ గ్రేడో తెలియకుండా జాలీ కొనకండి. ఇత్తడిలోనూ జింకు ఉంటుంది. చిన్న ఫిట్టింగులకు లూప్ బయట ఫర్వాలేదు కానీ గుళికల మధ్యకు రానివ్వొద్దు.

మిగిలింది స్టెయిన్‌లెస్. 304 గ్రేడ్ క్షారాన్ని బాగానే తట్టుకుంటుంది. దాని చిక్కంతా ఉప్పునీటితో. సీల్‌గా వాడే రబ్బరు ఓ-రింగ్ కింద, స్క్రూ తల కింద, నీరు నిలిచే సందుల్లో చిన్న చిన్న గుంటలు పడతాయి. 316లో 2 నుంచి 3 శాతం మాలిబ్డినం ఉంటుంది కాబట్టి అది ఎక్కువ కాలం నిలుస్తుంది. వెల్డింగ్ ఉంటే 316ఎల్ తీసుకోండి. వెల్డ్ దగ్గర ఏర్పడే నీలి, గోధుమ రంగు మరకలను అలాగే వదిలేయకండి, ఆమ్లంతో వాటిని తొలగించే పికిలింగ్ చేయించండి. తుప్పు ముందు అక్కడే పడుతుంది. జాలీ, స్ప్రింగ్, స్క్రూలు, బాస్కెట్ మధ్య గొట్టం, వీటికి 316కి మించింది అవసరం లేదు.

మూడో మెట్టు: ప్లాస్టిక్‌లు

ఇక్కడ తొందరపడొద్దు. పేర్లు దగ్గరదగ్గరగా ఉంటాయి, గుణాలు మాత్రం ఆమడ దూరంలో ఉంటాయి.

క్షారం విషయంలో కళ్లు మూసుకుని నమ్మదగినవి పాలీప్రొపిలీన్, హెచ్‌డీపీఈ. సోడాలైమ్ వాటిని ఏమీ చేయలేదు. వాటితో వచ్చే చిక్కు వేరు: జిగురు అంటుకోదు. జాయింట్ కావాలంటే హాట్ ఎయిర్ వెల్డింగ్ చేయాలి, లేదా దిమ్మెలోంచి మొత్తంగా తొలవాలి. హెచ్‌డీపీఈ మెత్తన, వేడికి బాగా వ్యాకోచిస్తుంది కాబట్టి సీల్ గాడి దానిలో నిలకడగా ఉండదు. మామూలు పాలీప్రొపిలీన్ గడ్డకట్టే చలికి పెళుసుబారుతుంది. బాస్కెట్‌కి రెండూ చక్కగా సరిపోతాయి. సీల్ ముఖానికి నేనైతే రెండూ వాడను.

యూపీవీసీ పైపు ఈ పనిలో అందరికీ ముందు గుర్తొచ్చేది. అందులో తప్పేమీ లేదు. క్షారాన్ని తట్టుకుంటుంది, సాల్వెంట్ సిమెంట్‌తో గట్టిగా అతుకుతుంది. తాగునీటికి ఆమోదం ఉన్న ప్రెషర్ పైపు తీసుకోండి. డ్రైనేజీ పైపు వద్దు. దానిలో ఫిల్లర్లు ఎక్కువ, కొన్నిటికి గోడ మధ్యలో నురుగు పొర ఉంటుంది, అలాంటి గోడలో గాడి తొలిస్తే సీల్ నిలవదు. మెత్తటి పీవీసీ షీటు, గొట్టం లాంటివి లూప్‌లోకి అసలు రానివ్వకండి. వాటిని మెత్తగా చేసే ప్లాస్టిసైజర్లు వేడికి మెల్లగా బయటికొస్తాయి. ఇంకో సంగతి, పైపులు తయారుచేసేవాళ్లు బయటి వ్యాసాన్ని కచ్చితంగా పాటిస్తారు, లోపలి వ్యాసాన్ని కాదు. లోపలి గోడ మీద ఓ-రింగ్ కూర్చోబెట్టాలంటే ఆ భాగాన్ని లేత్ మీద తొలిపించక తప్పదు. తొలిచాక కూడా మూడు చోట్ల మైక్రోమీటర్‌తో కొలవండి. కొన్నప్పుడు గుండ్రంగా ఉన్న పైపు గోడ పలచబడ్డాక అండాకారంలోకి తిరగవచ్చు.

మూతలకు అసిటాల్ బాగుంటుంది. లేత్ మీద వెన్నలా తెగుతుంది, నీటిని పెద్దగా పీల్చుకోదు. ఇందులో రెండు రకాలున్నాయి. డెల్రిన్ హోమోపాలిమర్ రకం. గాఢ క్షారం దాన్ని నెమ్మదిగా తింటుంది. కోపాలిమర్ అసిటాల్ క్షారాన్ని మెరుగ్గా తట్టుకుంటుంది. మందపాటి హోమోపాలిమర్ కడ్డీల నడిమధ్యలో సన్నని రంధ్రాల గీత ఉండే అవకాశం కూడా ఎక్కువ. మూత మధ్యలో అది సరిగ్గా పడితే లీకు ఎక్కడుందో వెతుకుతూ రోజులు గడిచిపోతాయి. అందుకే కొనేటప్పుడు కోపాలిమరా కాదా అని అడిగి, డేటాషీట్ చూసి తీసుకోండి.

వద్దనాల్సినవి: పాలీకార్బొనేట్‌ని క్షారం నేరుగా కొరుకుతుంది, ముందు పొగమంచులా మసకబారుతుంది, తర్వాత బిగువున్న చోట పగుళ్లిస్తుంది. లోపల ఏముందో కనబడాలన్న మోజుతో యాక్రిలిక్ వాడేవాళ్లున్నారు. పలచని క్షారాన్ని అది తట్టుకుంటుంది కానీ దెబ్బకి పగులుతుంది. క్రిమిసంహారకంగా ఆల్కహాల్ తుడిస్తే వెంట్రుకల్లాంటి గీతలు పడతాయి. నైలాన్ నీళ్లు పీల్చి ఉబ్బుతుంది, సీల్ గాడి కొలతలు మారిపోతాయి.

3డీ ప్రింటింగ్ గురించి విడిగా చెప్పాలి, ఎందుకంటే ఇప్పుడు అందరి చేతుల్లో ఉన్నది అదే. పీఎల్ఏ, పెట్‌జీ రెండూ పాలిస్టర్ కుటుంబానికి చెందినవే, క్షారం వాటిని విడగొడుతుంది. పీఎల్ఏ 60 డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది కూడా. ఏబీఎస్ రసాయనికంగా ఫర్వాలేదు, కానీ ప్రింట్ పొరల మధ్య కంటికి కనపడని సందులుంటాయి. వాటిలోంచి గ్యాస్ పోతుంది, వాటిలోనే సుద్ద పేరుకుంటుంది. నమూనా కోసం, ఫిట్టింగ్ సరిచూసుకోవడం కోసం ప్రింట్ చేసుకోండి. నీటిలోకి మాత్రం దిమ్మెలోంచి తొలిచిన భాగాన్నే తీసుకెళ్లండి.

నాలుగో మెట్టు: సీల్, అసలు ప్రాణం ఇక్కడే

హౌసింగ్ మూత దగ్గర సీల్ పోతే నీళ్లు లోపలికి వస్తాయి. సోడాలైమ్‌తో కలిసి గొంతుని కాల్చే ద్రవం అవుతుంది. అది భయంకరమే అయినా కనీసం మీకు తెలుస్తుంది. బాస్కెట్‌కూ హౌసింగ్‌కూ మధ్య సీల్ పోతే ఏమీ తెలియదు. గ్యాస్ ఎప్పుడూ సులువైన దారి వెతుక్కుంటుంది. గుళికల గుండా పోయే శ్రమ మానేసి పక్కనున్న సందులోంచి జారుకుంటుంది. డబ్బా నిండా కొత్త సోడాలైమ్ ఉన్నా వదిలిన ఊపిరే తిరిగి పీలుస్తూ ఉంటారు. అందుకే ఈ రెండో సీల్ దగ్గర లెక్క వేసి తీరాలి.

150 మిల్లీమీటర్ల వ్యాసమున్న అసిటాల్ మూత 316 స్టీల్ గొట్టంలో కూర్చుంటుందనుకుందాం. అసిటాల్ డిగ్రీకి మీటరుకు 110 మైక్రాన్ల దాకా మారుతుంది, స్టీల్ 16. వర్క్‌షాప్‌లో 20 డిగ్రీల దగ్గర బిగించి 4 డిగ్రీల నీటిలోకి దిగితే మూత వ్యాసం సుమారు 0.26 మిల్లీమీటర్లు తగ్గుతుంది, గొట్టం 0.04 మాత్రమే. ఒక్కో పక్క 0.11 మిల్లీమీటర్ల ఖాళీ అదనంగా వస్తుంది. 3.53 మిల్లీమీటర్ల మందమున్న ఓ-రింగ్‌ని 20 శాతం నొక్కి ఉంచితే ఆ నొక్కుడు 0.7 మిల్లీమీటర్లు, కాబట్టి ఈ మార్పు ఇబ్బంది పెట్టదు. కానీ సన్నగా ఉంటే చాలు కదా అని 1.78 రింగు వేస్తే ఉన్న నొక్కుడు 0.36 మాత్రమే. అందులో మూడో వంతు చలికే పోయింది. దానికి తోడు గొట్టం కాస్త అండాకారంగా ఉంటే ఒక పక్క రింగు గోడని ఆనుకోదు. అదే మూత హెచ్‌డీపీఈతో చేస్తే పరిస్థితి ఇంకా ఘోరం. ప్లాస్టిక్ కలిసిన ఏ సీల్‌కైనా లావు రింగు, వీలైతే 5.33 మిల్లీమీటర్లది వాడండి. వేడికి ప్లాస్టిక్ మూత ఉబ్బి స్టీల్ గొట్టంలో ఇరుక్కోకుండా బయటి అంచున ఖాళీ కూడా లెక్క చూసుకుని వదలండి.

రింగు దేనితో చేసిందన్నది అంతే ముఖ్యం. ఈపీడీఎం రబ్బరు నా మొదటి ఎంపిక. క్షారాన్ని, ఆక్సిజన్‌ని రెండిటినీ తట్టుకుంటుంది. కానీ పెట్రోలియం గ్రీజు తగిలితే ఉబ్బిపోతుంది. వైటాన్‌కి ఆక్సిజన్ పరికరాల్లో మంచి పేరుంది కాబట్టి ఇక్కడా అదే బెస్ట్ అనుకుంటారు. మామూలు వైటాన్ గాఢ క్షారం దగ్గర గట్టిపడి పగులుతుంది. సిలిండర్ వైపు ఉండనివ్వండి, స్క్రబ్బర్ వైపు వద్దు. నైట్రైల్ పలచని క్షారాన్ని ఓర్చుకుంటుంది, అత్యవసరానికి నడుస్తుంది. సిలికోన్ తేలిగ్గా చిరుగుతుంది, కదిలే సీల్‌కి పనికిరాదు. చూడటానికి అన్నీ నల్లగానే ఉంటాయి కాబట్టి ప్యాకెట్లు కలిపేయకండి. ప్రతి ప్యాకెట్ మీద మెటీరియల్ పేరు రాసి ఉంచండి.

బాస్కెట్ సీల్ మర్చిపోతే మూత మూసుకోకుండా ఉండేలా డిజైన్ చేయగలిగితే అది ఏ మెటీరియల్ ఎంపిక కన్నా పెద్ద రక్షణ. డ్రాయింగ్ దశలోనే దీని కోసం సమయం పెట్టండి.

ఐదో మెట్టు: జాలీ, ప్యాడ్, స్ప్రింగ్

డైవింగ్‌లో ఎక్కువగా వాడే సోడాలైమ్ గుళికలు 1 నుంచి 2.5 మిల్లీమీటర్ల సైజులో ఉంటాయి. అర మిల్లీమీటర్ రంధ్రాలున్న 316 జాలీని చిల్లుల ప్లేటు మీద పరిస్తే గుళికలు ఆగుతాయి, గాలీ ఆడుతుంది. ఇంకా సన్నగా వెళ్తే పొడి చిక్కుకుని శ్వాస బరువెక్కుతుంది. పొడిని ఆపడానికి పలచని ఫెల్ట్ ప్యాడ్ వేస్తారు. అది పాలీప్రొపిలీన్ ఫెల్ట్ అయి ఉండాలి. బజారులో ఎక్కువగా దొరికేది పాలిస్టర్ ఫెల్ట్. తడి క్షారంలో దాని పోగులు పలచబడి ఊడిపోతాయి.

గుళికలు కూర్చున్నాక కొద్దిగా కిందికి దిగుతాయి. రవాణాలో కుదుపులకు ఇంకాస్త దిగుతాయి. ఆ ఖాళీని ఎప్పటికప్పుడు మూసేది స్ప్రింగ్ ప్లేటే. అది లేకపోతే డబ్బా పడుకోబెట్టగానే పైన సందు ఏర్పడి గ్యాస్ దారి అక్కడికి మళ్లుతుంది. నున్నటి గోడ పక్కన గుళికలు ఎటూ గట్టిగా ఒత్తుకోవు కాబట్టి గోడ వెంబడి కూడా దారి పడుతుంది. బాస్కెట్ లోపలి గోడకు అక్కడక్కడ చిన్న రింగుల్లాంటి అంచులు పెడితే గ్యాస్ తిరిగి మధ్యకు మళ్లుతుంది. పాలీప్రొపిలీన్ అయితే ఆ రింగులను వెల్డ్ చేయవచ్చు.

ఆరో మెట్టు: జిగురు, గ్రీజు

సాల్వెంట్ సిమెంట్‌లో టెట్రాహైడ్రోఫ్యూరాన్, మిథైల్ ఇథైల్ కీటోన్ లాంటి ద్రావకాలుంటాయి. అతికాక కనీసం కొన్ని వారాలు గాలి తగిలేలా వెచ్చని చోట వదిలేయండి. ఎపాక్సీ వాడితే తూకం తేడా రాకుండా కలిపి, పూర్తిగా గట్టిపడేదాకా వేడి ఇవ్వండి. పాలిస్టర్ రెసిన్ వద్దు, స్టైరీన్ వాసన ఎన్నాళ్లైనా పోదు, క్షారానికి నిలవదు కూడా. గ్రీజు విషయంలో బేరం లేదు. ఆక్సిజన్‌కి పనికొచ్చే పర్‌ఫ్లోరోపాలిఈథర్ రకం, అంటే క్రైటాక్స్, క్రిస్టో-లూబ్ లాంటివి మాత్రమే వాడండి.

ఏడో మెట్టు: కొన్న ముక్కను పరీక్షించండి

షాపువాడి మాటని, లేబుల్‌ని నమ్మి మొత్తం కట్టేయకండి. ప్రతి మెటీరియల్ నుంచి ఒక చిన్న ముక్క కోయండి. ఓ-రింగ్ ముక్క, ఫెల్ట్ ముక్క, జాలీ ముక్క, అతికించిన జాయింట్ ముక్క కూడా. ఒక్కోదాని బరువు, మందం రాసుకోండి. మూత ఉన్న పాలీప్రొపిలీన్ డబ్బాల్లో సోడాలైమ్‌ని నీటితో ముద్దలా తడిపి, ఒక్కో ముక్కని ఒక్కో డబ్బాలో పూడ్చి, వెచ్చని చోట ఉంచండి. మూత గట్టిగా బిగించకండి. ఏదైనా లోహం హైడ్రోజన్ వదిలితే బయటికి పోవాలి. గ్లవ్స్, కళ్లద్దాలు లేకుండా ఈ ముద్దని ముట్టుకోవద్దు, చర్మాన్ని కాలుస్తుంది.

మొదటి గంటలోనే కొన్ని తెలిసిపోతాయి. పోలిక కోసం పక్కనే ఒక అల్యూమినియం ముక్క వేసి చూడండి. అంచుల వెంట సన్నని బుడగలు తీగల్లా లేస్తాయి, కాసేపటికి ఉపరితలం మెరుపు పోయి బూడిదరంగు పొలుసులా మారుతుంది. మీరు కొన్న జాలీ దగ్గర అలాంటి బుడగ ఒక్కటి కనిపించినా అది స్టెయిన్‌లెస్ కాదు, లేదా దానిమీద ఏదో పూత ఉంది. మిగతావాటిని రెండు మూడు వారాలు ఉంచి, కడిగి ఆరబెట్టి మళ్లీ తూచండి. ఫెల్ట్ పోగులను లాగి చూడండి. రింగు ముక్కని రెండుగా మడిచి మడత మీద భూతద్దం పెట్టండి, పగుళ్లుంటే అక్కడే కనిపిస్తాయి.

వాసన పరీక్ష వేరుగా చేయండి. శుభ్రంగా కడిగిన ముక్కల్ని గాజు సీసాలో మూసి, 50 డిగ్రీల దగ్గర ఒక రాత్రి ఉంచి, చల్లారాక తెరిచి వెంటనే వాసన చూడండి. రసాయన వాసన ఏమాత్రం తగిలినా ఆ మెటీరియల్‌ని పక్కన పెట్టండి. వాసన లేనంత మాత్రాన అంతా క్షేమమని కాదు, కానీ వాసన ఉన్నదాన్ని మాత్రం వాడే ప్రసక్తే లేదు.

ఎనిమిదో మెట్టు: కట్టాక

లూప్‌లో పీడనం పెంచి, తగ్గించి చూసే పాజిటివ్, నెగటివ్ పరీక్షలు హౌసింగ్ సీల్ సంగతి చెబుతాయి. బాస్కెట్ పక్కదారి సంగతి చెప్పవు. దాన్ని విడిగా పరీక్షించాలి. బాస్కెట్‌లో గుళికల స్థానంలో గాలి చొరని డమ్మీ దిమ్మెను బిగించి, ఒక పక్క నుంచి తక్కువ పీడనంతో గాలి పంపండి. రెండో పక్క గాలి వస్తే అది సీల్ పక్క నుంచే వస్తోంది. ఇదే పరీక్షను డబ్బాని ఫ్రిజ్‌లో పెట్టి చల్లబరిచాక మళ్లీ చేయండి. ప్లాస్టిక్ కుంచించుకోవడం అప్పుడు బయటపడుతుంది.

ఎంతసేపు పనిచేస్తుందన్నది గుళికల బరువుతో లెక్కకట్టి నమ్మకండి. కాగితం మీద కిలో సోడాలైమ్ సుమారు 250 లీటర్ల కార్బన్ డయాక్సైడ్ పీల్చగలదు. చల్లని నీటిలో, లోతులో, అసలు డబ్బాలో అది దాని దరిదాపుల్లోకి కూడా రాకపోవచ్చు. యూరోపియన్ ప్రమాణం ఈఎన్ 14143 ప్రకారం పరీక్షించే ల్యాబ్‌లు శ్వాస యంత్రంతో నిమిషానికి 40 లీటర్ల గాలి ఆడిస్తూ, 1.6 లీటర్ల కార్బన్ డయాక్సైడ్ కలుపుతూ, 4 డిగ్రీల నీటిలో కొలుస్తాయి. పీల్చే గ్యాస్‌లో కార్బన్ డయాక్సైడ్ పాక్షిక పీడనం 0.5 కిలోపాస్కల్‌కి చేరితే అక్కడితో స్క్రబ్బర్ ఆయువు తీరినట్టే లెక్క. అలాంటి బెంచ్ మీద, కార్బన్ డయాక్సైడ్ ఎనలైజర్‌తో కొలవనిదే ఆ కానిస్టర్‌తో నీటిలోకి దిగొద్దు. దిగేముందు అయిదు నిమిషాలు ఊపిరి పీల్చి చూస్తే తెలుస్తుంది కదా అనుకోవద్దు. ఆ ప్రీబ్రీత్‌లో స్క్రబ్బర్ పాక్షిక లోపాన్ని పసిగట్టలేనివాళ్లే ఎక్కువ. కొలిచాక కూడా మొదటి డైవ్‌లు లోతులేని చోట, పక్కన తోడుతో, ఉపరితలానికి నేరుగా రాగలిగే స్థితిలో, పూర్తి బెయిలౌట్‌తో చేయండి.

ప్రతి డైవ్ తర్వాత బాస్కెట్ ఖాళీ చేసి మంచినీటితో కడిగి ఆరబెట్టండి. తెల్లని సుద్ద సీల్ గాడిలో పేరుకుంటే పలచని వెనిగర్‌తో వదులుతుంది, ఆ తర్వాత బాగా కడగాలి. గాడి అడుగున సుద్ద రవ్వ ఒక్కటి మిగిలినా రింగు అక్కడ పైకి లేస్తుంది, కాబట్టి టార్చ్ వేసి గాడి చుట్టూ చూడండి, తర్వాత గోటితో తడమండి. బాస్కెట్ రింగును ఏడాదికోసారి ఎలా ఉన్నా మార్చేయండి. తీసిన పాత రింగు గుండ్రని ఆకారం పోయి చదునుగా మారి ఉంటే, ఆ గడువును ఆరు నెలలకు కుదించండి.